వేలంలో చూడాల్సింది ధర కాదు

"అంత తక్కువకు వస్తోందంటే అది మోసమే" అని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. సైబర్ మోసాల మీద ఎక్కడ అవగాహన సభ పెట్టినా ఇదే మాట వినిపిస్తుంది. అంగట్లో కొనే సరుకుకు ఈ మాట సరిపోవచ్చు. ఆన్‌లైన్ వేలాలకు మాత్రం సరిపోదు. సరిపోకపోగా కీడు చేస్తోందని నా గట్టి నమ్మకం. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గర్లో నాకో చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పరీక్ష దరఖాస్తులు, భూమి కాగితాల నకళ్లు, రైలు టికెట్లు మా రోజువారీ పని. కొన్నేళ్లుగా వీటికి వేలాలు తోడయ్యాయి. బ్యాంకు వేలంలో ఇంటి స్థలం పాడాలని ఒకరు వస్తారు. ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన బొలెరో కొనాలని ఇంకొకరు, బండికి ఫ్యాన్సీ నంబరు కావాలని మరొకరు. వాళ్లకు రిజిస్ట్రేషన్ చేసిపెట్టడం, ధరావతు, అంటే పాటకు ముందు కట్టే డిపాజిట్, ఎలా కట్టాలో చూపించడం నా పని. అందువల్ల నిజమైన వేలం ఎలా నడుస్తుందో దగ్గర నుంచి చూస్తున్నాను. దొంగ వేలాల్లో చిక్కుకున్నవాళ్లు కూడా నా దగ్గరికే వస్తారు, కానీ డబ్బు పోయాక వస్తారు.

నిజమైన వేలంలో సరుకు తక్కువకే రావచ్చు. అందులో అనుమానించాల్సిందేమీ లేదు. తనఖా ఆస్తిని బ్యాంకు మొదటిసారి వేలానికి పెట్టినప్పుడు ఎవరూ పాడకపోతే, కనీస ధర తగ్గించి మళ్లీ పెడుతుంది. ఆర్టీసీ తుక్కు కింద పక్కన పెట్టిన బస్సులు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ద్వారా వేలానికి వస్తాయి. శ్రీవారికి భక్తులు సమర్పించిన వాచీలు, మొబైళ్లను టీటీడీ రాష్ట్ర ప్రభుత్వ 'కొనుగోలు' పోర్టల్‌లో వేలం వేస్తుంది. తలనీలాలు కూడా ఈ-వేలంలోనే పోతాయి. తక్కువ ధర చూసి భయపడాలంటే వీటన్నిటికీ దూరంగా ఉండాలి. మా జిల్లాలో నాలుగైదు ఎకరాల మెట్ట ఉన్న రైతు షోరూమ్‌కు పోయి కొత్త ట్రాక్టర్ కొనే పరిస్థితి లేదు. కంతులు కట్టలేక ఇంకొకరు వదులుకున్న బండి వేలంలో దొరికితే అతనికి అది బతుకుతెరువు. దాన్ని ఆశపోతుతనం అనడం నాకు నచ్చదు.

పైగా మోసగాళ్లకు ఈ సలహా మనకన్నా ముందే తెలుసు. ఇప్పుడు వాళ్లు పది లక్షల బండిని లక్షకు పెట్టడం మానేశారు. నమ్మదగ్గ ధరే పెడతారు.

మా చిన్నాయన కొడుకుది శింగనమల వైపు ఊరు. శనక్కాయ, కంది వేస్తాడు. ఫేస్‌బుక్‌లో 'సీజ్ అయిన వాహనాల వేలం' అని ఒక పేజీ చూశాడు. ఒక పెద్ద బ్యాంకు గుర్తు, నోటీసు, వరుసగా ట్రాక్టర్ల ఫోటోలు. ఐదేళ్లు వాడిన ట్రాక్టర్‌కు కనీస ధర 3,20,000 అని రాసి ఉంది. మా ఊళ్లలో బ్రోకర్లు చెప్పే ధరకు అది కాస్త తక్కువ, అంతే. అనుమానం రావడానికి ఏమీ లేదు. రిజిస్ట్రేషన్‌కు 1,999 కట్టించుకుని వాట్సాప్ గ్రూపులో చేర్చారు. అక్కడ ముప్పై నలభై మంది ఉన్నారు. పాట మొదలైంది. ఒకరు ఐదు వేలు పెంచితే ఇంకొకరు రెండు వేలు పెంచుతున్నారు. మధ్యలో 'నిన్న నాకు బొలెరో వచ్చింది, థ్యాంక్స్ సార్' అని ఒకరు ఫోటో పెట్టారు. చివరికి 3,65,000 దగ్గర పాట మావాడికి దక్కింది. 25,000 ధరావతు కట్టాడు. తర్వాత గేట్ పాస్, ట్రాన్సిట్ ఇన్సూరెన్స్, లారీ బాడుగ అంటూ ఒకదాని తర్వాత ఒకటి కట్టించారు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, పాట నాకే వచ్చింది. ట్రాక్టర్ రేపు హైదరాబాద్ యార్డు నుంచి బయల్దేరుతాదంట. ఇంకో పద్దెనిమిది వేలు జీఎస్టీ కట్టల్లంట, నీ ఫోన్‌లో నుంచి వేస్తావా?"

"యార్డు యాడ ఉందిరా? పోయి చూసినావా?"

"సెక్యూరిటీ వల్ల లోపలికి వదలరంట అన్నా. వీడియో పంపినారు."

ఆ 'వదలరంట' అన్న మాటతో నాకు విషయం అర్థమైంది. ఆ గ్రూపులో ఉన్న ముప్పై నలభై మందిలో నిజంగా కొనడానికి వచ్చినవాడు బహుశా మావాడొక్కడే. ధర పెంచినవాళ్లు, థ్యాంక్స్ చెప్పినవాళ్లు అందరూ ఆ ముఠా మనుషులే అయి ఉంటారు.

మావాడు తెలివితక్కువవాడు కాడు. కక్కలపల్లి టమాటా మండీలో వ్యాపారులను ఎదురుగా కూర్చోబెట్టి ధర పలికించుకునే మనిషి. ఆ మండీలో ఎలా నడుస్తుందో మా జిల్లా రైతులందరికీ తెలుసు. లాటు ముందు నిలబడి, బాక్సులో పై వరస చూసి, అడుగు వరస కూడా తీసి చూసి, ఆ తర్వాత గానీ వ్యాపారి నోరు విప్పడు. తొలకరి వానలకు తుగ్గలి మండలం జొన్నగిరి చేలల్లో, మా వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం రాళ్లు ఏరుకునేవాళ్లను చూడండి. దొరికిన రాయిని వ్యాపారి చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి చూశాకే ధర మాట్లాడతాడు. రాయి ఫోటో పంపి ముందు అడ్వాన్స్ వేయమంటే ఆ వ్యాపారుల్లో ఒక్కడు కూడా వేయడు. వేలం అంటే మనకు తరతరాలుగా తెలిసిన పద్ధతి ఇది. సరుకు ముందు, పాట తర్వాత. ఫోన్‌లోకి వచ్చేసరికి ఈ వరుస తలకిందులవుతుంది. డబ్బు ముందు, సరుకు చూడటం ఎప్పటికీ లేదు. మావాడికి తెలిసిన పద్ధతినే ఫోన్‌లోనూ పట్టుకొమ్మని ఎవరూ చెప్పలేదు. 'ఆన్‌లైన్ అంటే ఇంతేనేమో' అనుకున్నాడు.

ఆన్‌లైన్ అయినా ఇలా ఉండదు. బ్యాంకు వేలం నోటీసు తీసి చూడండి. ఆస్తినో బండినో చూసుకోవడానికి ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరిని అడగాలో అందులో ఉంటుంది. బండ్ల యార్డుల్లోనూ వేలానికి ముందు చూసుకోవడానికి రోజులు ఇస్తారు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని పోవచ్చు. ఎంఎస్‌టీసీలో తుక్కు ఇనుము లాటు పెట్టినా చూసుకునే తేదీలు ఇస్తారు. ఎందుకంటే వాళ్లు అమ్మేదంతా 'ఉన్నది ఉన్నట్టుగా' అనే షరతు మీద. కొన్నాక ఇంజిన్ బాగాలేదంటే వాళ్లు వినరు. అంత కఠినమైన షరతు పెట్టినవాళ్లు చూసుకునే వీలు కూడా ఇచ్చి తీరాలి. కరోనా అనో, సెక్యూరిటీ అనో, ఆర్మీ ఏరియా అనో, కస్టమ్స్ గోడౌన్ అనో చూడనివ్వకపోతే, అక్కడ అమ్మడానికి సరుకే లేదని నేను తేల్చేస్తాను. ధర ఎంతైనా సరే.

మీరు శింగనమలలో ఉంటే, బండి హైదరాబాద్‌లో ఉందంటే, పోయి రావడానికి వెయ్యీ రెండు వేలు ఖర్చవుతుంది. ఆ ఖర్చుకు వెనకాడి మూడు లక్షల పాటలో దిగేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. పోలేనంత దూరంలో ఉన్నదాన్ని పాడకండి. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక డబ్బు సంగతి. నిజమైన వేలంలో ధరావతు ఎక్కడికి పోతుందో గమనించండి. పోర్టల్‌లో మీ పేరు మీద ఉండే వ్యాలెట్‌లోకి పోతుంది, లేదా నోటీసులో అచ్చు వేసిన బ్యాంకు సొంత ఖాతాలోకి పోతుంది. ఆస్తి వేలాల్లో అది ఎక్కువగా కనీస ధరలో 10 శాతం ఉంటుంది. పాట దక్కకపోతే వెనక్కి వస్తుంది. దొంగ వేలంలో అది ఒక మనిషి పేరు మీదికి పోతుంది. యూపీఐలో డబ్బు పంపే ముందు అవతలి ఖాతా అసలు పేరు తెర మీద కనిపిస్తుంది. బ్యాంకు వేలం అని చెప్పి, అక్కడ ఎవరో ఒక వ్యక్తి పేరో, ఏదో 'ట్రేడర్స్' పేరో కనిపించిందంటే పిన్ కొట్టకండి. 'మా క్యాషియర్ ఖాతా సార్' అంటారు. ఏ బ్యాంకూ తన క్యాషియర్ సొంత ఖాతాలో ధరావతు కట్టించుకోదు. మావాడు కట్టిన ప్రతిసారీ పేరు మారింది. అడిగితే 'డిపార్ట్‌మెంట్లు వేరు' అన్నారట.

చట్టం పెట్టిన గడువులు కూడా తెలిసి ఉంటే మంచిది. అప్పు తీర్చనివాళ్ల ఆస్తులను బ్యాంకులు 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అమ్ముతాయి. బహిరంగ వేలమైతే నోటీసును రెండు ప్రముఖ పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాష పత్రిక కావాలి. పాట దక్కినవాళ్లు ధరావతుతో కలిపి 25 శాతం అదే రోజు గానీ, మరుసటి పనిదినం లోపు గానీ కట్టాలి. మిగతా 75 శాతానికి అమ్మకం ఖరారైన తర్వాత 15 రోజుల గడువు ఉంటుంది. రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఇంకా పొడిగించుకోవచ్చు, కానీ మొత్తం మూడు నెలలు దాటకూడదు. కట్టలేకపోతే ముందు కట్టింది పోతుంది, కాబట్టి నిజమైన వేలంలో కూడా జాగ్రత్త అవసరం. కానీ 'రెండు గంటల్లో మొత్తం పంపకపోతే రెండో పాటదారుకు ఇచ్చేస్తాం' అని వాట్సాప్‌లో గద్దించే అధికారి ఈ చట్టంలో ఎక్కడా లేడు.

2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ 'బ్యాంక్‌నెట్' అనే పోర్టల్ తెచ్చింది. ప్రభుత్వ రంగ బ్యాంకుల వేలం ఆస్తులు అక్కడ ఒకేచోట కనిపిస్తాయి. ఫేస్‌బుక్‌లో చూసిన ఇల్లు ప్రభుత్వ బ్యాంకు అమ్మేదే అయితే అక్కడ వెతకండి. బ్యాంకుల వెబ్‌సైట్లు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంక్ 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. కాబట్టి ఇప్పుడు బ్యాంకు పేరుతో వేరే తోకలున్న సైటు కనిపిస్తే అక్కడే ఆగిపోండి. ఇంకా అనుమానంగా ఉంటే నోటీసులో ఉన్న నంబరుకు ఫోన్ చేయకండి, ఎందుకంటే దొంగ నోటీసులో నంబరు కూడా దొంగదే. నోటీసు ప్రింటు తీసుకుని ఆ బ్యాంకు శాఖకు స్వయంగా పోండి.

బండ్ల విషయంలో ఇంకో కాగితం ఉంది. నంబరు ప్లేటు తెలిస్తే కేంద్ర రవాణా శాఖ సైటు పరివాహన్‌లో రిజిస్ట్రేషన్ వివరాలు చూడొచ్చు. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, ఏ ఫైనాన్స్ కింద ఉందో తెలుస్తుంది. వేలం వేస్తున్న సంస్థ ఒకటి, రికార్డులో ఉన్న ఫైనాన్స్ ఇంకొకటి అయితే ఎందుకో అడగాలి. ప్లేటు మీద అంకెలు మసకగా పెట్టిన ఫోటోలు వస్తాయి. నంబరు చెప్పమంటే 'పాట దక్కాక చెప్తాం' అంటారు. ఆ బండి ఫోటో ఇంకెవరో అమ్మకానికి పెట్టుకున్నదై ఉంటుంది. గూగుల్‌లో ఫోటోతో వెతికితే చాలాసార్లు అసలు యజమాని ప్రకటనే బయటపడుతుంది. బండి చేతికొచ్చాక ఫైనాన్స్ పేరు తీసేయడానికి ఫారం 35, పేరు మార్చుకోవడానికి 29, 30 ఫారాలు కావాలి. ప్రభుత్వ వేలంలో కొన్న బండైతే ఫారం 32, అదీ బండి తీసుకున్న 30 రోజుల్లో. ఈ కాగితాలు ఎవరు ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అని ముందే అడగండి. నిజంగా వేలం వేసేవాళ్లకు ఇవి నోటి మీద ఉంటాయి. మోసగాళ్లు 'అన్నీ మేమే చూసుకుంటాం' అని మాట దాటేస్తారు.

స్థలమో ఇల్లో అయితే దాని మీద తనఖాలు, పాత అమ్మకాలు చూపించే ఈసీ తీయించుకోవాలి, పన్ను బకాయిలు, కరెంటు బకాయిలు చూసుకోవాలి, లోపల ఎవరైనా కాపురం ఉన్నారేమో పోయి చూసుకోవాలి. ఇది మోసం కాదు గానీ, నిజమైన వేలంలోనే జనం ఇరుక్కునే చోటు ఇది.

బంగారం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా సెంటర్‌కు వచ్చే ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది దీని గురించే. 'బ్యాంకులో తాకట్టు విడిపించుకోని నగలు, సగం ధరకు వేలం' అని రీల్స్ వస్తాయి. తాకట్టు బంగారాన్ని వేలం వేసేటప్పుడు కనీస ధర దాని విలువలో 85 శాతం కన్నా దిగకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధనలున్నాయి. సగం ధరకు అమ్మే వీలే వాళ్లకు లేదు. ఇక్కడ మాత్రం ధరే మోసాన్ని బయటపెడుతుంది, ఎందుకంటే బంగారానికి రోజూ అందరికీ తెలిసిన రేటు ఉంది. పాత ట్రాక్టర్‌కు అలాంటి రేటు లేదు. పాత నోట్లు, నాణేల వేలం కూడా ఇలాంటిదే. ట్రాక్టర్ బొమ్మ ఉన్న ఐదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని చెప్పి కమీషనో పన్నో కట్టించుకుంటారు. తన పేరు వాడుకుని ఇలా చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది.

అసలు సరుకే ఉన్న చోట కూడా ఒక పాడుపని జరుగుతుంది. అమ్మేవాడు తన మనుషులతో దొంగపాట పాడించి ధర పెంచుతాడు. ఊళ్లో వినాయకుడి లడ్డూ పాటలో అయితే ఎవరు ఎవరి మనిషో మనకు తెలుస్తుంది. తెర మీద 'బిడ్డర్ 7', 'బిడ్డర్ 12' అని మాత్రమే కనిపిస్తే ఏం తెలుస్తుంది? 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం 64వ సెక్షన్ దీని గురించి స్పష్టంగా చెప్పింది. అమ్మేవాడు ధర పెంచడానికి దొంగపాట పెట్టిస్తే, ఆ అమ్మకాన్ని రద్దు చేసుకునే హక్కు కొన్నవాడికి ఉంటుంది. ఈ హక్కు గురించి తెలిసినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. కానీ కోర్టులో నిరూపించడం కష్టం కాబట్టి, పాటకు ముందే కాపాడుకోవాలి. ఎంతవరకు పాడాలో ముందురోజే ఇంట్లోవాళ్లతో మాట్లాడి కాగితం మీద రాసుకోండి. ఈ-వేలాల్లో చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతూ పోతుంది. ఆ టెన్షన్‌లో 'ఇంకో ఐదు వేలే కదా' అనిపిస్తుంది. నా కౌంటర్ దగ్గర పాడేవాళ్లను ఆ కాగితం నా చేతికి ఇమ్మంటాను. ఆ అంకె దాటితే గుర్తు చేస్తాను, కోప్పడినా సరే.

పాట పోయిన మరుసటి రోజు వచ్చే ఫోన్‌తో కూడా జాగ్రత్త. 'మొదటి పాటదారు తప్పుకున్నాడు, మీ ధరకే ఇస్తాం, కానీ సైటులో కాదు, నేరుగా పంపండి' అంటారు. అవకాశం నిజంగా ఉంటే పోర్టల్‌లోని మీ అకౌంట్‌లోనే కనిపించాలి. బయట డబ్బు కట్టమన్నారంటే ఫోన్ పెట్టేయండి. డబ్బు వస్తుందని చెప్పి పిన్ కొట్టమనేవాళ్లదీ అదే బాపతు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి ఎప్పుడూ అక్కర్లేదు.

ఒకప్పుడు మనుషుల మధ్య వేలాలకు మన దేశంలో ఒక పెద్ద సైటు ఉండేది. 2000లో బాజీ పేరుతో మొదలైంది, 2004లో ఈబే కొనుక్కుంది, 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడింది. ఆ తర్వాత మామూలు జనం వేలాలు ఫేస్‌బుక్ గ్రూపుల్లోకి, వాట్సాప్‌లోకి జారిపోయాయి. సరుకు చేతికి అందేదాకా డబ్బును మధ్యలో పట్టి ఉంచే ఏర్పాటు అక్కడ లేదు. కాబట్టి ఆ పని కొనేవాళ్లే చేసుకోవాలి. సరుకు చూశాకే, చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వాలి.

ఇంత చెప్పినా మోసపోయేవాళ్లు ఉంటారు. నాకు ఎక్కువ కోపం వచ్చేది వాళ్ల మీద కాదు, వాళ్ల చుట్టూ ఉన్న మనమీద. 'ఆశకు పోయినావు, అనుభవించు' అంటాం. మావాడు ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి పది రోజులు దాచాడు. పెండ్లాం నగలు పెట్టిన డబ్బు అది. ఆలోపు ఆ డబ్బు ఎన్ని ఖాతాలు మారిందో. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడితే, ఆ డబ్బు ఏ ఖాతాలో ఉందో పట్టుకుని ఆపే ఏర్పాటు 2021 నుంచి ఉంది. కానీ అది గంటల్లో జరగాలి. ఎంత ఆలస్యమైతే అంత తక్కువ దొరుకుతుంది. మనం వేసే ఒక్కో ఎత్తిపొడుపు మాట ఆ ఫోన్‌ను ఒక్కో రోజు వెనక్కి నెడుతోంది. ఇంట్లో ఎవరైనా ఇలా చెప్పుకుంటే ముందు ఫోన్ తీసి 1930 నొక్కండి. లావాదేవీ నంబర్లు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి. తిట్టాలనుకుంటే తర్వాత తిట్టుకోవచ్చు. అలాగే ఫిర్యాదు చేసిన కొన్నాళ్లకు 'మీ డబ్బు దొరికింది, విడుదల ఫీజు కట్టండి' అని వచ్చే ఫోన్లను నమ్మకండి. మావాడికి అదీ వచ్చింది. ఈసారి ముందు నన్ను అడిగాడు.

అనంతపురం, కర్నూలు, కడప బ్యాంకుల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక విన్నపం. మీ వేలం నోటీసులు చట్టం కోసం పత్రికలో వస్తున్నాయి, కానీ అందులోని భాష చదువుకున్న మాలాంటివాళ్లకే సరిగా అర్థం కాదు. ఈ నెలలో మీ శాఖ వేలం వేస్తున్నవి ఏవి, ఎక్కడ చూసుకోవచ్చు, డబ్బు ఏ ఖాతాలో కట్టాలి, ఈ మూడు విషయాలు తేట తెలుగులో ఒక కాగితం మీద రాసి బయట బోర్డుకు అంటించండి. అడగడానికి వచ్చిన రైతును 'హెడ్డాఫీసు వాళ్లను అడుగు' అని పంపేయకండి. ఆ నోటీసు మీదేనా కాదా అని చెప్పడానికి మీకు ఐదు నిమిషాలు చాలు.